ఊకలో పచ్చపూస

శంఖినీ నది కొండను చీల్చుకుని బయటపడే చోట, ఎర్రరాతి చరియల మీద మూడువాకిళ్ళ పట్నం ఉంది. పొద్దు పొడవగానే ఆ చరియలు తోమిన రాగిబిందెల్లా మెరుస్తాయి. నది మీది నుంచి లేచిన ఆవిరి పట్నంలోకి పాకి, శివాలయం కలశాన్నీ, జైన బసది మీది రాతి గొడుగునూ, దర్గా మీది ఆకుపచ్చ జెండానూ ఒక్కసారే తడుపుతుంది. ఎండ ఎక్కగానే మూడింటినీ ఒక్కసారే వదిలిపోతుంది. ఆ మూడింటి వాకిళ్ళూ ఒకే ముంగిట్లోకి తెరుచుకుంటాయి. ముంగిటి నడుమ కిటికీలు లేని చిన్న రాతిగది. దానికి తలుపు లేదు. గుమ్మానికి నల్లటి గొంగళి వేలాడుతూ ఉంటుంది.

ఒక సంతరోజు ఉదయం, ఆ గది ముందు బారులో ఒక బైరాగి నిలబడి ఉన్నాడు. జడలు కట్టిన జుట్టు, ఒళ్ళంతా బూడిద. ఆ బూడిద కింద ఉన్నది మణిశైల రాజకుమారుడు ప్రియంకరుడని బారులో ఎవరికీ తెలియదు.

మణిశైలంలో కరువు వచ్చిన ఏడు, దానభైరవుడనే మాంత్రికుడు బండ్లకొద్దీ ధాన్యంతో వచ్చాడు. ప్రతి గిన్నెలో తన చేత్తోనే వడ్డించాడు. 'ఇచ్చినవాడు దానభైరవుడు' అని ప్రతి నోటా పలికించాకే తిననిచ్చాడు. తిన్నవాళ్ళ మెడ మీద కుంకుమదారం లాంటి ఎర్రగీత పుట్టింది. అతడి అన్నం తిన్నకొద్దీ ఆ గీత పెరుగుతుంది. మెడ చుట్టూ తిరిగి కొసలు కలిసిన రోజున మనిషి రాయి అవుతాడు. కొత్తవాడి చేతి కూడు తినడానికి జనం జంకుతుంటే, పిల్లల ఏడుపు వినలేక మొదటి గిన్నె అందుకున్నది ప్రియంకరుడి చెల్లెలు కువలయ. ఇప్పుడామె దానభైరవుడి అన్నదుర్గంలో వడ్లు దంచుతోంది. ఈ మధ్యాహ్నం భోజనంతో ఆమె మెడ మీది గీత కొసలు కలుస్తాయని ప్రియంకరుడికి నిన్ననే కబురు అందింది.

విరుగుడు ఒకటుంది. దాని పేరు పచ్చపూస. దాన్ని ఎవరూ అమ్మలేదు, ఎవరూ పేరు చెప్పి ఇవ్వలేదు. చేతి నుంచి చేతికి గుట్టుగా మారుతూ వచ్చింది. ఇచ్చిందెవరో తెలియకుండా దాన్ని అందుకున్నవాళ్ళ మెడ మీద అప్పటికి పడి ఉన్న ఉరి తెగిపోతుంది. ఇచ్చినవాడెవరో తెలిసిన క్షణం అది గులకరాయి అవుతుంది, తెగిన ఉరులన్నీ మళ్ళీ పడతాయి. చెల్లెలి మెడ మీద గీత పడ్డ రాత్రే ఆమెకు కూడా చెప్పకుండా దాని కోసం ఇల్లు విడిచిన ప్రియంకరుడు, అది మూడువాకిళ్ళ ముంగిట్లోని ఈ ఊకగదిలో తిరుగుతోందని తన గురువు చెప్పగా ఇక్కడికి వచ్చాడు.

"కొత్తవాడివా బైరాగీ?" ముందు నిలబడ్డ గుండయ్య జంగం చేతిగంట చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. "లోపల తొట్టినిండా ఊక ఉంటుంది. మోచేతి దాకా చేయి పెట్టు. ఉంటే వదులు, లేకుంటే తీసుకో. పిడికిలి మూసే వెళ్ళాలి, మూసే రావాలి."

"వదిలేదీ తీసుకునేదీ లేనివాళ్ళు?"

"వాళ్ళూ వెళ్ళాల్సిందే నాయనా," అంది పక్కనున్న వృద్ధ జైన సన్యాసిని, ఆర్యిక చందనమతి. తెల్లచీర, చేతిలో నెమలిపింఛం. "నాకు ఈ పింఛమూ కమండలమూ తప్ప ఏమున్నాయి? అయినా ప్రతి సంతకీ చేయి పెడతాను. నాలాంటి ఉత్తచేతులు ఎంతమంది నడిస్తే, ఆకలిగలవాడికి అంత చాటు."

"చాటు సంగతి అట్లా ఉంచు," అని ఫకీరు లాల్ షా గడ్డం కింద నవ్వాడు. "చేయి పెట్టేముందు అవ్వ తొట్టి అంచంతా పింఛంతో తుడుస్తుంది బేటా, చీమ నలుగుతుందని. ఆమె తుడిచి వచ్చేలోపు మేమిక్కడ ఎండుమిరపకాయలమైపోతాం."

"నువ్వేం తక్కువ? ఎడమచేయి వీపు వెనక దాచుకుని కుడిచేయి పెడతానని నువ్వే చెప్పుకున్నావు. అట్లా వంగి నడుం పట్టుకుని బయటికొచ్చేది ఎవరు?"

"కుడిచేయి చేసింది ఎడమచేతికి కూడా తెలియకూడదని మా పెద్దలు నేర్పారవ్వా. నడుం పడితే పట్టనీ."

గుండయ్య తల ఊపాడు. "నాకంత శ్రమ లేదు. బయటికి రాగానే గంట కొట్టి, ఇచ్చినవాడూ శివుడే, పుచ్చుకున్నవాడూ శివుడే అనేస్తాను. ఇక నాకు గుర్తుపెట్టుకోవడానికేం మిగులుతుంది?"

ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వెళ్ళివచ్చారు. ముగ్గురి చేతులకూ మోచేతి దాకా ఒకేలా ఊక అంటుకుని ఉంది.

ప్రియంకరుడు గొంగళి ఎత్తి లోపలికి వెళ్ళాడు. కళ్ళు పొడుచుకున్నా ఏమీ కనబడని చీకటి. కొత్త ఊక వాసన. చేయి లోపలికి దించగా ఒక బెల్లం ముక్క తగిలింది, తర్వాత మడత పెట్టిన గుడ్డ, ఎవరి బిడ్డదో చిన్న కాలిగొలుసు. ఇంకా అడుగున చింతగింజంత గుండ్రటిది వేళ్ళకు తగిలింది. వెచ్చగా ఉంది. పసిపిల్ల మాడు మీద చేయి వేసినట్లు సన్నగా కొట్టుకుంటోంది. దాన్ని పిడికిట్లోకి తీసుకున్నాడు.

వెనుదిరగబోయి ఆగాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత అతడు ఎవరి దగ్గరా ఊరికే ఏమీ పుచ్చుకోలేదు. నడుం గుడ్డలో దాచిన ఉంగరం తీసి, ఊకలో పెట్టి బయటికి వచ్చాడు.

అతడి వెనక వెళ్ళిన ఒంటికన్ను బిచ్చగాడు వెళ్ళినంత త్వరగా తిరిగివచ్చి, ముంగిటి నడుమ అరచేయి తెరిచాడు. ఎండలో ఉంగరం భగ్గుమంది.

"పిడికిలి మూయరా!" అని జనం ఒక్కపెట్టున అరిచారు. ఆ ముంగిట్లో అరచేయి తెరిచిన మనిషిని వాళ్ళెన్నడూ చూడలేదు.

బిచ్చగాడు పళ్ళు ఇకిలించాడు. ఉంగరం మీద చెక్కిన అక్షరాలు గట్టిగా చదివాడు. "మణిశైల ప్రియంకర! నా ఏలిక వెతుకుతున్న పేరే ఇది!" అతడి ఒళ్ళు పొగలా మెలితిరిగి, పొగలోంచి పెద్ద గద్ద ఒకటి రెక్కలు విప్పి లేచింది.

చందనమతి బైరాగి ముఖంలోకి చూసింది. "ఆ ఉంగరం నీదా?"

"నాదే అవ్వా. ఊరికే తీసుకోవడం మా ఇంటావంటా లేదు."

"ఇవ్వడం మంచిదే నాయనా. పేరు కూడా పెట్టి వచ్చావు, అదే ముంచింది. పరుగెత్తు!"

గద్ద నీడ ముంగిలిని కమ్మేసింది. ప్రియంకరుడు మెట్లన్నీ ఒక్క దూకున దిగి రేవుకు పరుగెత్తాడు. దాని గోళ్ళు జడలను పట్టి లాగితే, పెట్టుడు జడలు ఊడి గోళ్ళలోనే ఉండిపోయాయి. రేవులో గుంజకు కట్టిన గుండ్రటి బుట్టపడవ, పుట్టి ఒకటి సుడిలో గిరగిర తిరుగుతోంది. అందులోకి దూకి ముడి కోసం తడుముకునేలోగా, ఎవరిదో కత్తి తాడు మీద పడ్డ చప్పుడైంది. పుట్టి విసురుగా ప్రవాహంలోకి వెళ్ళింది.

కోసిందెవరో చూడాలని అతడు మెడ తిప్పబోయాడు. అంతలో ఏమనుకున్నాడో, ముఖం నదివైపే ఉంచుకున్నాడు.

ఇరుకు లోయలో నీళ్ళు తెల్లటి గుర్రాల మందలా దౌడు తీస్తున్నాయి. పుట్టి ఒక బండను రాసుకుని, మరో బండకు గుద్దుకుని, బొంగరంలా తిరుగుతూ పోతోంది. గద్ద ముక్కుతో పుట్టి అంచు చీల్చింది. రెండోసారి వాలుతుండగా ప్రియంకరుడు పుట్టి అడుగున చుట్టిపెట్టి ఉన్న కంబళిని దాని తల మీదికి విసిరికొట్టాడు. కళ్ళు మూసుకుపోయిన గద్ద చరియకు కొట్టుకుని, కంబళి విదిలించుకుని, ఉంగరం కాలికి బిగించుకుని అన్నదుర్గం వైపు ఎగిరిపోయింది.

కంబళి తీసిన చోట ఒక గాజుల బుట్ట బయటపడింది. ఊకలో పొందికగా పేర్చిన గాజులు, ఒక తలపాగా, ముఖానికి పూసుకుంటే చర్మం ముడతలు పడే ఆకుపసరు దొన్నె. ఎవరు పెట్టారో అని అతడు ఆలోచించలేదు. ఆ పని మానుకోవాలని ఆ ఉదయమే నేర్చుకున్నాడు.

మధ్యాహ్నం కావస్తుండగా గాజుల సెట్టి వేషంలో నది దిగువనున్న అన్నదుర్గం చేరాడు.

బోర్లించిన గరిటెల్లా వంగిన బురుజులు, పాలరాతి గోడలు, పసిడి తోరణాలు. ప్రతి ఇటుక మీదా, ప్రతి స్తంభం మీదా, చివరికి కాలు మోపే మెట్టు మీద కూడా 'ఇచ్చినవాడు దానభైరవుడు' అని చెక్కి ఉంది. గోడ పొడవునా దీపాలు పట్టుకున్న రాతి మనుషులు బారులు తీరి ఉన్నారు. వాళ్ళ నోళ్ళు అన్నం ముద్ద కోసం తెరుచుకున్నట్లే ఉండిపోయాయి. అందరి మెడల చుట్టూ ఎర్రగీత.

వంతెన దాటగానే ద్వారంలో ఘటోదరి అనే రాక్షసి అడ్డంగా కూర్చుని ఉంది.

"ఏయ్ సెట్టీ, ఎవరికిరా గాజులు?"

"ముందు మీకే తల్లీ. చేయి ఇలా ఇవ్వండి." ఆమె మణికట్టు రోకటిబండలా ఉంది. సెట్టి అతిపెద్ద గాజు తీసి, అటూ ఇటూ తిప్పి, ఆమె బొటనవేలికి తొడిగాడు. "మీ చేతికి సరిపోవాలంటే గాజులు కాదమ్మా, బండిచక్రం పట్టాలు తేవాలి. ఈసారికి ఉంగరం అనుకోండి."

ఘటోదరి బొటనవేలిని ఎండకు పట్టి చూసుకుని, కడుపు కదిలేలా నవ్వింది. "నోరుగలవాడివే. పో, దంపుళ్ళ మండువాలోకి పో. నగారా మోగేలోగా బయటపడు. ఏలిక వడ్డనకొస్తాడు."

దంపుళ్ళ మండువాలో ఆడవాళ్ళు రోళ్ళ చుట్టూ నిలబడి వడ్లు దంచుతున్నారు. నడుమ మనిషెత్తు ఊకరాశి. రోకలి ఎత్తినప్పుడల్లా మెడల మీది ఎర్రగీతలు కదులుతున్నాయి. ఓ మూల రోటి దగ్గర కువలయ. జుట్టునిండా తవుడు, చేతులనిండా బొబ్బలు. ఆమె మెడ వెనక గీత కొసల మధ్య గోరంత ఖాళీ మాత్రమే ఉంది.

"గాజులమ్మా, గాజులు! ఊరికే!" అన్నాడు సెట్టి.

బుచ్చవ్వ అనే ముసలామె రోకలి ఆపింది. "ఊరికేనా? ఊరికే తిన్నందుకే మా మెడలిట్లా అయినాయి సెట్టీ. నీ గాజులు నువ్వే తొడుక్కో."

"నేనిస్తున్నానని ఎవరన్నారవ్వా?" అంటూ అతడు బుట్ట ఎత్తి, గాజులనూ ఊకనూ ఆ రాశిలోనే కుమ్మరించి మోచేతుల దాకా కలిపేశాడు. "ఊకలో ఉన్నది ఊకది. ఒక్కొక్కరు చేయి పెట్టి దొరికింది తీసుకోండి, మీదేదైనా ఉంటే వదలండి. పిడికిలి మూసే రావాలి. ఎవరూ ఎవరినీ చూడకూడదు, నేనూ గోడవైపు తిరిగి నిలబడతాను. మా వైపు ఆచారం."

అతడి కుడి పిడికిలి మాత్రం ఇంకా ఊకలోనే మూసుకుని ఉంది.

"మా వదినకు ఎర్రగాజులంటే ఇష్టం," అంది ఒకామె. "నాకు మట్టిగాజులు చాలు," అంది ఇంకొకామె. ఎన్నాళ్ళకో మండువాలో మాటలు లేచాయి.

"నీకేం కావాలమ్మా?" అని సెట్టి కువలయను అడిగాడు.

"గాజులు తెచ్చేందుకు నాకో అన్న ఉండేవాడు సెట్టీ," అంది ఆమె రోకలి ఆపకుండా. "నా మెడ మీద గీత పడ్డ రాత్రే గోడ దూకి పారిపోయాడు. నాకేమీ వద్దు."

అతడి పెదవులు విడివడ్డాయి. అంతే, ఊకలో పిడికిట్లో ఉన్న పూస చల్లబడి గరుకెక్కింది. అతడు పళ్ళు బిగించాడు. పూస మళ్ళీ వెచ్చబడింది.

"పోయినవాణ్ణి పోనీ తల్లీ," అని పిడికిలి విప్పి, ఉత్తచేయి బయటికి తీసి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఇక అది ఎవరి చేతికి దొరుకుతుందో అతడి ఇష్టంలో లేదు. వెనక ఊక గరగరమంది. గాజులు చిన్నగా మోగాయి. ఒకరు వెళ్ళారు, ఇంకొకరు వెళ్ళారు. దొరికినావిడ దాచుకుంటే? కొంగున కట్టుకుంటే? అతడి కళ్ళ ముందు రాతి మనిషి తెరిచిన నోరు తప్ప ఏమీ లేదు.

"బుచ్చవ్వా, నువ్విందాకే పెట్టావుగా చేయి?" అని ఎవరో అన్నారు.

"గాజొకటి ఎక్కువొచ్చింది, వదిలిపెట్టొద్దూ? నీకేం నొప్పి?" అంది బుచ్చవ్వ.

కాసేపటికి ఇంకొకామె రెండోసారి వెళ్ళింది. ఆ తర్వాత మరొకామె. వెళ్ళిన ప్రతి మనిషీ, గాజు బిగుతైందనో, రంగు నచ్చలేదనో ఏదో ఒకటి అంటూ మళ్ళీ ఊక దగ్గరికి వెళ్ళివచ్చింది. ప్రియంకరుడు గోడకు అరచేయి ఆన్చి నిలబడ్డాడు.

నగారా మోగింది.

"నువ్వొక్కదానివే మిగిలావే తల్లీ," అని బుచ్చవ్వ గద్దించింది. "మేమందరం పెట్టాం. ఆచారం తప్పకు. పెట్టు!"

కువలయ విసుగ్గా ఊకలోకి చేయి దించింది. అదే క్షణంలో తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి.

దానభైరవుడు చూడ్డానికి భయంకరుడేమీ కాదు. నిండైన ముఖం, పెళ్ళిపెద్దలాంటి చిరునవ్వు, చేతిలో బంగారు గరిటె. భుజం మీద గద్ద. చిటికెనవేలికి ప్రియంకరుడి ఉంగరం.

"రండి బంగారాలూ, వేడి చల్లారకముందే తినండి," అంటూ కువలయ ముందు ఆకు వేసి వడ్డించాడు. "ముందు ఏమనాలి?"

కువలయ ఆ పేరు పలకలేదు. ఒక పిడికిలి మూసే ఉంచి, రెండో చేత్తో ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఆమె మెడ మీది ఎర్రగీత ఎండిన పూలదండలా రాలి, నేల మీద పడి బూడిదైంది. అప్పుడు దానభైరవుడు తల ఎత్తి చూశాడు. మండువాలో ఒక్క మెడ మీద కూడా గీత లేదు.

చిరునవ్వు చెదరకుండానే అడిగాడు. "నీకెవరిచ్చారు తల్లీ? పేరొక్కటి చెప్పు చాలు." పేరు పలికితే చాలు, ఉరి మళ్ళీ పడుతుంది.

"తెలియదు," అంది కువలయ.

"నీకు?"

"తెలియదు."

"ఆవిడిచ్చిందేమో," అంది బుచ్చవ్వ. "ఈవిడిచ్చిందేమో. నేనే ఇచ్చానేమో. చేతులు చూసుకో." అందరూ చేతులు చాచారు. పిడికిళ్ళు మూసే ఉన్నాయి. అందరికీ మోచేతి దాకా ఊక.

దానభైరవుడు ఉంగరం పెదవుల దగ్గర పెట్టుకుని పిలిచాడు. "మణిశైల ప్రియంకరా!"

మెడకు పలుపు వేసి లాగినట్లు ఆ పిలుపు ప్రియంకరుణ్ణి లాగింది. అతడు రోటి అంచు పట్టుకుని, కింది పెదవిని రక్తం వచ్చేలా కొరికాడు. కాళ్ళు కదలనివ్వలేదు.

కదిలింది కువలయ. "అన్నా? మా అన్న ఇక్కడున్నాడా?" ఆమె చూపు ఒక్కో ముఖమే దాటుతూ వచ్చి గాజుల సెట్టి మీద నిలిచింది. ఆమె పిడికిట్లోని పచ్చపూస చల్లబడింది. మండువాలో మెడల మీద ఎర్రటి చారలు మళ్ళీ మొలవబోతున్నాయి.

సెట్టి బిగ్గరగా నవ్వాడు. "ఎవడమ్మా ఆ ప్రియంకరుడు? చెల్లెల్ని ఉరిలో వదిలి గోడ దూకిన పిరికివాడని నువ్వేగా చెప్పావు! అట్లాంటివాడు ఇంత దూరం నీకోసం వస్తాడా?"

ఆమె అతడి ముడతల ముఖాన్ని ఇంకొక్క క్షణం చూసింది. తర్వాత కళ్ళు దించుకుంది.

"రాడు," అంది.

ఆమె పిడికిట్లో పూస మళ్ళీ వెచ్చబడింది, మెడల మీది చారలు మాసిపోయాయి.

దానభైరవుడి చిరునవ్వు అప్పుడు పోయింది. గరిటెతో నేలను కొట్టాడు. మండువా ఈ కొస నుంచి ఆ కొసకు పగిలింది. రోళ్ళు దొర్లి బీటలో పడ్డాయి. "ఘటోదరీ! వంతెన ఎత్తు!" అని అరిచాడు.

"పిడికిళ్ళు మూసి పరుగెత్తండే!" అని బుచ్చవ్వ కేకేసింది. ఆడవాళ్ళు గుంపుగా ద్వారం వైపు ఉరికారు. గద్ద వాళ్ళ మీద చక్కర్లు కొట్టింది గాని, ఏ పిడికిలి మీద వాలాలో దానికి తెలియలేదు. ఘటోదరి వంతెన గొలుసు అందుకుంది. ప్రియంకరుడు వెళ్ళి ఆ గొలుసును రెండు చేతులా పట్టి, రాతి కొక్కేనికి కాళ్ళు తన్నిపెట్టి వేలాడాడు. అతడి అరచేతుల తోలు లేచిపోయింది. వంతెన సగం లేచి ఆగింది. ఒక్కొక్కరే ఆ వాలు ఎక్కి, కొస నుంచి దూకి అవతలి ఒడ్డుకు చేరుతున్నారు.

చివరగా వచ్చిన కువలయ అతడి పక్కన ఆగింది.

"సెట్టీ, నీ పేరైనా చెప్పు. బతికితే నీ పేర దీపం పెట్టుకుంటాను."

"ఊకలో ఉన్నదానికి పేరేమిటమ్మా?" అన్నాడతడు. "ఆ పిడికిలి తెరవకు. ఇంకా ఎంతోమంది ఉన్నారు. పరుగెత్తు!"

ఆమె వాలు ఎక్కి, దూకి, అవతలి గట్టున పడి, లేచి, పొదల్లోకి ఉరికింది. గొలుసు అతడి చేతుల్లోంచి జారిపోయింది. వంతెన నిలువునా లేచి ద్వారాన్ని మూసేసింది.

చీకట్లో అతడి భుజం మీద ఒక మెత్తటి చేయి పడింది. బంగారు గరిటె గడ్డం కింద చేరి ముఖాన్ని పైకెత్తింది. వేడి అన్నం వాసన వచ్చింది.

"పేరు చెప్పని సెట్టీ, పాపం, పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్లు లేవు," అన్నాడు దానభైరవుడు. ఘటోదరి రెండు దవడలూ నొక్కి నోరు తెరిపించింది. బొటనవేలి మీది గాజు అతడి చెంపకు ఒత్తుకుని చిట్లింది.

ఒక్క మెతుకు నాలుక మీద పడింది. మెడ పక్కన సూది గుచ్చినట్లయి, ఎర్రటి చుక్క పొడిచింది.

వంతెన చెక్కల సందులోంచి అవతలి కొండవాలు కనబడుతోంది. ఆడవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పరుగెడుతున్నారు. ఆ మూసిన పిడికిళ్ళలో ఒకదానిలో పచ్చపూస ఉంది. ఈపాటికి అది ఎవరి చేతిలోకి మారిందో అతడికి కూడా తెలియదు.